మల్బరీ సాళ్ల మధ్యే మన కూర, మన పప్పు



కోలారు, చిక్కబళ్లాపురం, హోసూరు వైపు మన ఇళ్లలో ఒకప్పుడు రాగులు, అలసందలు, అనుములు అన్నీ చేలోనే పండేవి. మల్బరీ వచ్చాక చేతిలో డబ్బు ఆడింది, నిజమే. కానీ గూళ్ల ధర పడిన వారం పప్పు కూడా అంగట్లో అప్పు తెచ్చుకుంటున్నాం. ఉన్న తోటలోనే కొంత తిండి పండదా? జోడు సాళ్లు, డ్రిప్ ఉంటే పండుతుంది.

ఈ పద్ధతిలో జోడులోని రెండు సాళ్ల మధ్య 3 అడుగులు, జోడుకూ జోడుకూ మధ్య 5 అడుగులు వదులుతాం. కొమ్మలు కోశాక ఆ 5 అడుగుల జాగాలో ఎండ బాగా పడుతుంది. మళ్లీ నీడ కమ్మేలోపు మెంతికూర, కొత్తిమీర చేతికొస్తాయి. అలసంద, మినుముకు రోజులు ఎక్కువ కావాలి కాబట్టి కొమ్మలు కోసిన వెంటనే విత్తాలి. కాయలు కోసుకుని చెట్టును అక్కడే కలియదున్నితే మల్బరీకి ఎరువవుతుంది.

డ్రిప్ తడి ఆ జాగా నడిమికి అందదు. అందుకే పప్పులు వానాకాలంలోనే వేయండి. ఎండాకాలమైతే తడి అంచున ఆకుకూరలు చాలు.

ఒక్క మాట మరవొద్దు: ఈ పైరుకు మందు కొట్టకూడదు. వేపనూనె సైతం ఆకు మీద పడితే పురుగులకు ముప్పే. మందు లేనిదే నిలవని టమాట, మిరప జోలికి పోకండి.

ముందు రెండు సందుల్లోనే వేసి, ఆకు తగ్గిందా లేదా చూసుకుని, తర్వాత పెంచుకుందాం.