విమానం ఎక్కే గాలిపటం

ఖతార్ ఉత్తరాన ఫువైరిత్ అనే బీచ్ ఉంది. అక్కడ 'షమాల్' అనే వాయవ్య గాలి వీస్తే కైట్‌బోర్డింగ్ చేసేవాళ్లకి పండగే! కైట్ అంటే గాలిపటం. సంక్రాంతికి ఎగరేసేది కాదు, ఇది 12 చదరపు మీటర్లు కూడా ఉంటుంది, అంటే ఒక గదంత! అది లాగుతుంటే, బోర్డు మీద నిలబడి నీళ్లపై జారిపోతారు.

మరి దాన్ని దోహాకి విమానంలో ఎలా తేవాలి? గాలి తీసి చుట్టేస్తే కైట్ సంచిలో పట్టేస్తుంది. మడవలేనిది బోర్డే. అందుకే పొడవాటి సంచి కావాలి, టికెట్ కొనేటప్పుడే ఎయిర్‌లైన్స్ వాళ్లని అడగాలి.

తాళ్లు ఒంటికి చుట్టుకుంటే కోసుకోవడానికి ఒక చిన్న చాకు ఉంటుంది. నీళ్లలో ప్రాణం కాపాడేది అదే. కానీ చేతి సంచిలో పెడితే సెక్యూరిటీలో తీసేసుకుంటారు. పెద్ద లగేజీలో పెట్టండి. పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. దానికి నిప్పంటుకుంటే వెంటనే ఆర్పాలి కదా, కింద సామాన్ల దగ్గర ఎవరు చూస్తారు?