సింగరేణి ప్రాంతంలో టైరు పని శిక్షణ

టైరు పని శిక్షణ అనగా వాహనాల టైర్లను విప్పుట, బిగించుట, గాలి నింపుట, మరమ్మతు చేయుట, వాటి లెక్కలు నిర్వహించుట మొదలగు పనులలో ఇచ్చే వృత్తి శిక్షణ. మంచిర్యాల జిల్లాలోని కాసిపేట నుండి పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని వరకు గల బొగ్గు గనుల ప్రాంతంలో దీనికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. (2016 వరకు ఇవి వరుసగా ఆదిలాబాదు, కరీంనగర్ జిల్లాలలో ఉండేవి.)

నేపథ్యం

కాసిపేట పేరుతో సింగరేణి సంస్థ తవ్విన గనులు భూగర్భ గనులు. కాబట్టి ఇక్కడి టైరు దుకాణాలకు పని కల్పించేవి ముఖ్యంగా బొగ్గు లారీలు, ఇదే మండలంలోని దేవాపూర్ సిమెంటు కర్మాగారానికి వచ్చిపోయే లారీలు. రామగుండం ప్రాంతపు ఉపరితల గనులలో 60 టన్నులు, 100 టన్నులు మోసే డంపర్లు తిరుగుతాయి. ముందు రెండు, వెనుక నాలుగు చొప్పున ఒక్కో డంపరుకు ఆరు టైర్లు. 100 టన్నుల డంపరు టైరు మనిషి కంటే ఎత్తుగా, టన్నుకు మించిన బరువుతో ఉంటుంది. దానిని చేతితో కదిలించడం సాధ్యం కాదు. టైరు పట్టే యంత్రం కావాలి.

గాలి వలన ప్రమాదం

చూచుటకు రబ్బరు పనిగా కనిపించినా, ఈ వృత్తిలో ప్రాణం తీసేది గాలి. లారీ టైరులో చదరపు అంగుళానికి సుమారు 100 పౌండ్ల పీడనం ఉంటుంది. 300 చదరపు అంగుళాల మేర లెక్క వేసినా అది 30,000 పౌండ్లు, అంటే 13 టన్నులకు పైగా బలం. పాత తరహా రిమ్ములో ఈ బలాన్ని ఆపి ఉంచేది ఒక ఉక్కు లాక్ రింగు మాత్రమే. అది తుప్పు పట్టినా, వంగినా, గాడిలో సరిగా కూర్చోకపోయినా గాలి నింపేటప్పుడు ఫిరంగి గుండు వలె ఎగిరిపోతుంది. అమెరికాలో ఇటువంటి రిమ్ములపై 1980లో ప్రత్యేక భద్రతా నియమాలు చేసి, 1984లో ఒకే భాగం గల రిమ్ములకు కూడా వర్తింపజేశారు.

అందుచేత శిక్షణలో మొదట నేర్పేవి ఇవి: చక్రపు నట్లు వదులు చేయక ముందే వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలాలి, జంట చక్రాలైతే రెండింటిలోనూ వదలాలి. విప్పిన టైరును ఇనుప పంజరంలో ఉంచి, పొడవైన గొట్టంతో, రింగుకు ఎదురుగా నిలబడకుండా గాలి నింపాలి. ఉండవలసిన పీడనంలో 80 శాతం కంటే తక్కువతో నడిచిన టైరును విప్పి, లోపల పరీక్షించనిదే మళ్ళీ నింపరాదు. రింగును సుత్తితో కొట్టి సర్దడం దుకాణాలలో సర్వసాధారణం. గాలి ఉండగా అలా చేయడం కంటే పెద్ద తప్పు ఈ పనిలో లేదు.

వేడి వలన కలిగే పేలుడు అంతగా తెలియనిది. పట్టేసిన నట్టును గ్యాసు మంటతో వేడిచేసినా, టైరు ఉండగా రిమ్ముకు వెల్డింగు చేసినా, లోపలి రబ్బరు విచ్ఛిన్నమై మండే వాయువులు పుడతాయి. గాలి వదిలినంత మాత్రాన ఈ ముప్పు తప్పదు; టైరును రిమ్ము నుండి పూర్తిగా తొలగించాలి. బ్రేకులు కాలి పొగ వచ్చిన డంపరు దగ్గరకు వెంటనే వెళ్ళరాదనుటకు కారణమూ ఇదే. పెద్ద టైర్లలో గాలికి బదులు నత్రజని నింపితే మంటకు కావలసిన ఆమ్లజని అందదు.

శిక్షణ విధానం

గనుల చట్టం (1952) కింద వచ్చిన 1966 నాటి వృత్తి శిక్షణ నియమాలు గని కార్మికులకు పనిలో చేరే ముందు ప్రాథమిక శిక్షణ, ఐదేళ్ళకొకసారి పునశ్చరణ శిక్షణ ఇవ్వాలని నిర్దేశించాయి. గని గేటు బయట ఉన్న దుకాణానికి ఈ నియమాలు వర్తించవు. అక్కడ కుర్రవాడు ఉస్తాదు దగ్గర చూచి నేర్చుకుంటాడు. చేతి నేర్పు బాగానే వస్తుంది కాని, పంజరం ఎందుకో చెప్పేవారు ఉండరు.

దుకాణ నిర్వహణ

ప్రతి టైరుకు గల సంఖ్య, బిగించిన తేదీ, స్థానం, నడిచిన గంటలు, తీసివేసిన కారణం రిజిస్టరులో రాస్తారు. డంపరు టైరు మోయగల బరువును, వేగాన్ని కలిపి టన్ను-కిలోమీటరు-గంట అనే కొలతతో లెక్కిస్తారు. అది మించితే టైరు లోపల వేడెక్కి పొరలు విడిపోతాయి. కొత్త టైర్లను సాధారణంగా ముందు చక్రాలకు వేసి, కొంత అరిగాక వెనుకకు మారుస్తారు. జంటగా వేసే రెండు టైర్ల ఎత్తు సమానంగా లేకుంటే బరువంతా ఒకదానిపైనే పడుతుంది. రిజిస్టరులో రాళ్ళ కోతలు ఒకే దారిలో తిరిగే వాహనాలకు ఎక్కువగా కనిపిస్తే, సరిచేయవలసినది టైరును కాదు, ఆ దారిని.