చక్కెరలు మోసే కృత్రిమ గొలుసులు

చక్కెర అణువులు ఒకదానికొకటి అతుక్కొని ఏర్పడే పొడవాటి గొలుసులను పాలీశాకరైడ్లు అంటారు. వీటిని పరిశోధించబూనిన వారికి మొదటి నుంచీ ఎదురైన చిక్కు అవి ఒకే తీరున, కల్తీ లేకుండా దొరకకపోవడమే. ప్రోటీన్ల తయారీకి జన్యువు అచ్చులా ఉంటుంది గానీ చక్కెర గొలుసుకు అలాంటి అచ్చు లేదు. ఎంజైములు ఒక్కొక్క చక్కెరనే చేర్చుకుంటూ పోతాయి, ఎక్కడ ఆగుతాయో, ఎక్కడ కొమ్మ వేస్తాయో కణాన్ని బట్టి, సందర్భాన్ని బట్టి మారుతుంది. హెపారిన్ అనే పాలీశాకరైడ్‌నే తీసుకుంటే, ఒకే కణజాలం నుంచి తీసిన నమూనాలో కూడా పొడవులోనూ సల్ఫేట్ సమూహాల అమరికలోనూ తేడాలున్న గొలుసులు కలగలిసి ఉంటాయి కనుక, ప్రయోగంలో కనిపించిన ఫలితం వాటిలో దేని వల్ల కలిగిందో తేల్చడం చాలా కష్టం. దీనికి రసాయన శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఉపాయమే గ్లైకోపాలిమర్, అంటే చక్కెరతో సంబంధం లేని కృత్రిమ పాలిమర్‌ను వెన్నెముకగా చేసి, దాని పొడవునా పక్కలకు చక్కెరలను వేలాడదీసిన అణువు. ఇది ప్రకృతికి నమ్మకమైన నకలు కాదు, అయితే దాని ఉపయోగమంతా ఆ తేడాలోనే ఉంది: ఏ చక్కెర, ఎన్ని, ఎంత దగ్గరగా అన్నది తయారుచేసేవారి చేతిలో ఉంటుంది.

1970ల తొలి సంవత్సరాల్లో ప్రేగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో వాక్లావ్ హొర్జెయ్షీ, యాన్ కొత్సౌరెక్ పాలియాక్రిలమైడ్ అనే కృత్రిమ పాలిమర్‌కు చక్కెరలు కలిపిన జెల్‌లను తయారుచేసి, చక్కెరలను గుర్తుపట్టి పట్టుకునే లెక్టిన్లనే ప్రోటీన్లను విత్తనాల సారం నుంచి వేరుచేయడానికి వాడారు. అప్పటికి అది శుద్ధిచేసే సాధనమే. దానిని జీవకణాలను ప్రశ్నించే సాధనంగా మలచినది అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో సాల్ రోజ్‌మన్, వై. సి. లీ, రొనాల్డ్ ష్నార్, పాల్ వైగెల్ 1978, 79లలో ప్రచురించిన పరిశోధన. చక్కెరలు అమర్చిన జెల్ మీద కాలేయ కణాలను వదిలితే, కోడి కణాలు ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్ ఉన్న జెల్‌కూ, ఎలుక కణాలు గాలక్టోజ్ ఉన్న జెల్‌కూ అంటుకున్నాయి. ఇంతకన్నా ఆసక్తికరమైన సంగతి మరొకటి బయటపడింది. జెల్‌లో చక్కెర సాంద్రతను పెంచుతూ పోతే అంటుకునే కణాల సంఖ్య క్రమంగా పెరగలేదు. ఒక హద్దు వరకు దాదాపు ఏదీ అంటుకోలేదు, ఆ హద్దు దాటగానే కణాలు ఒక్కసారిగా పట్టుకున్నాయి.

ఒక చక్కెరకూ ఒక గ్రాహకానికీ, అంటే దానిని పట్టుకునే ప్రోటీనుకూ, మధ్య పట్టు చాలా బలహీనం కావడమే ఇందుకు మూలం. ఒక్కటే పట్టు అయితే వెంటనే జారిపోతుంది, అనేకం ఒకేసారి ఏర్పడినప్పుడు ఒకటి జారినా మిగిలినవి నిలబెడతాయి. నవారు పేటలు కలిసి మంచం మీది బరువును మోసినట్టే ఇదీను. శాస్త్రజ్ఞులు దీనికి బహుబంధకత్వం అని పేరు పెట్టారు. 1991లో ఆండ్రియాస్ స్పాల్టెన్‌స్టైన్, జార్జ్ వైట్‌సైడ్స్ ఈ సూత్రాన్ని ఇన్‌ఫ్లుయెంజా వైరస్ మీద ప్రయోగించారు. ఆ వైరస్ కణాల మీది సియాలిక్ ఆమ్లం అనే చక్కెరను పట్టుకొని లోపలికి చొరబడుతుంది. ఎర్ర రక్తకణాలతో కలిపితే వాటిని జతచేసి వలలా అల్లుతుంది కనుక ప్రయోగపు పళ్లెంలోని గుంట అడుగున కణాలు పలుచని పొరలా పరుచుకుంటాయి. సియాలిక్ ఆమ్లాలు వేలాడే పాలియాక్రిలమైడ్‌ను ముందుగా చేర్చితే వైరస్ దానికే చిక్కుతుంది, రక్తకణాలు విడివిడిగా జారి అడుగున ఎర్రని బొత్తాంలా పేరుకుంటాయి. ఇందులో పట్టుల సంఖ్య ఒక్కటే కారణం కాదనీ, నీటితో ఉబ్బిన పాలిమర్ వైరస్‌ను కప్పివేసి కణాన్ని దగ్గరకు రానివ్వకపోవడం కూడా ఉందనీ ఆ బృందం తర్వాత వివరించింది.

అయితే ఆ పాలిమర్లలో గొలుసుల పొడవులు ఒక్కటిగా ఉండేవి కావు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో లారా కీస్లింగ్ బృందం 1990ల మధ్య నుంచి, వలయాకారపు అణువులను లోహ ఉత్ప్రేరకంతో తెరిచి వరుసగా కలిపే పద్ధతిని ఎంచుకొని, పొడవును చాలావరకు అదుపులోకి తెచ్చింది. రాబర్ట్ గ్రబ్స్‌కు 2005లో నోబెల్ బహుమతి తెచ్చిన ఉత్ప్రేరకాలు ఈ కోవలోనివే. 2002లో జేసన్ గెస్ట్‌విక్కీ, కీస్లింగ్ గాలక్టోజ్‌లు మోసే గొలుసులను ఈ. కోలి బాక్టీరియా ముందుంచినప్పుడు, అవి గాలక్టోజ్‌ను గ్రహించే గ్రాహకాలను గుమిగూర్చడంతో ఆగక, సెరిన్ అనే వేరొక పదార్థం పట్ల ఆ బాక్టీరియాకున్న స్పందనను కూడా పెంచాయి. వేర్వేరు గ్రాహకాలు పరస్పరం సంకేతాలు పంచుకుంటాయని దీనితో తెలిసింది. విడి చక్కెరతో ఈ ప్రశ్న అడగడమే సాధ్యం కాదు.

మందుగా ఈ గొలుసులకు దక్కిన విజయం స్వల్పం, వాటి కీర్తి పరిశోధనశాలలోనే నిలిచింది. 2014లో వాలరీ వీవర్, కరొలిన్ బెర్టోజ్జీలతో కూడిన బృందం మ్యూసిన్లను పోలిన గ్లైకోపాలిమర్లను, ఒక కొసన కొవ్వు అణువు తగిలించి, కణత్వచంలో నాటింది. మ్యూసిన్లు అనేక కాన్సర్ కణాల మీద దట్టంగా పెరిగే చక్కెర పూతగల ప్రోటీన్లు. పొడవైన గొలుసులు నాటిన చోట కణత్వచం తన కింది ఆధారం నుంచి ఎడంగా జరిగింది, కణాన్ని ఆధారానికి కట్టిపడేసే ఇంటెగ్రిన్ ప్రోటీన్లు మిగిలిన కొద్ది చోట్ల గుంపుగా చేరాయి, పెరుగుదలకు తోడ్పడే సంకేతాలు బలపడ్డాయి. పొట్టి గొలుసులకు ఆ ప్రభావం లేదు. ఇక్కడ చక్కెరను ఏ గ్రాహకమూ పట్టుకోనక్కరలేకపోయింది. గొలుసు పొడవు, అది ఆక్రమించిన చోటే పని చేశాయి.