ఆపరేషనయ్యాక పిల్లాడి నోట మాట ఆగిందా?

తలలో గడ్డ తీశారు. మెలకువ రాగానే పిల్లాడు "అమ్మా, మంచినీళ్లు" అన్నాడు. హమ్మయ్య, గండం గడిచిందనుకుంది తల్లి. రెండోరోజుకి పిలిస్తే పలకడు! ఒకటే ఏడుపు. చేతులూ కాళ్లూ వేలాడేస్తాడు. "జడుసుకున్నాడు, తాయెత్తు కట్టించు" అంటారొకరు. "మొండికేశాడు" అంటారింకొకరు.

రెండూ కావు. దీన్ని డాక్టర్లు 'సెరెబెల్లార్ మ్యూటిజం' అంటారు. తల వెనక భాగంలో ఉండే చిన్నమెదడు మన నడక తూలకుండా, మాట తడబడకుండా చూస్తుంది. అక్కడి నుంచి పెద్దమెదడుకి వెళ్లే నరాల దారులు ఆపరేషన్లో దెబ్బతింటే ఇలా అవుతుంది. పిల్లల్లో మెదడు గడ్డలే అరుదు కాబట్టి చాలామంది దీని పేరే విని ఉండరు. కానీ చిన్నమెదడులో వచ్చే మెడుల్లోబ్లాస్టోమా అనే గడ్డ తీయించుకున్న పిల్లల్లో సుమారు నలుగురిలో ఒకరికి ఇలా జరుగుతుంది.

మరి మాట వస్తుందా? దాదాపు అందరికీ వస్తుంది. కొందరికి రోజుల్లో, కొందరికి నెలల్లో. మొదట ఒక్కో మాటే, అదీ నెమ్మదిగా, ముద్దగా వస్తుంది. కొందరికి నడకలోనూ, చదువులోనూ ఇబ్బంది చాలాకాలం ఉండిపోవచ్చు.

తల్లి ఏం చెయ్యాలి?

* మింగడం కష్టమవుతుంది. డాక్టరు సరేననేదాకా ప్రేమకొద్దీ చెంచాడు పాలు కూడా పొయ్యకండి. పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదం.

* "అమ్మా అను" అని వేధించకండి. మాట పెగలకపోయినా మీరన్నది వింటూనే ఉండొచ్చు. కబుర్లు మీరే చెప్పండి. వాడి ముందు కంటతడి పెట్టకండి.

* చుట్టాల హడావుడి తగ్గించండి. మాటకీ, నడకకీ నేర్పే వ్యాయామాలు ఇంటికొచ్చాక కూడా మానకండి.

* వాంతులు, జ్వరం, ఫిట్స్, లేపినా లేవని మగత కనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యం ఇంకొకటుంది. మెడుల్లోబ్లాస్టోమా అయితే ఆపరేషన్‌తో వైద్యం పూర్తికాదు. కాస్త పెద్ద పిల్లలకి రేడియేషన్ మామూలుగా 4 నుంచి 6 వారాల్లో మొదలుపెడతారు. "మాట రానీ, తర్వాత చూద్దాం" అని ఇంట్లో పెద్దవాళ్లంటే వినకండి. మాట కోసం ఆగొచ్చు, గడ్డ మాత్రం ఆగదు.