ఆపరేషన్ తర్వాత దగ్గును ఆపకండి

మొన్న వైట్‌ఫీల్డ్‌లోని మా దవాఖానాకు కదిరి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. "హకీం సాబ్, అబ్బాకు బైపాస్ అయి పది రోజులైంది. దగ్గితే కుట్లు తెగుతాయని భయం. దగ్గు రాకుండా ఏదైనా షర్బత్ ఇవ్వండి" అంది. నేను ఇవ్వలేదు.

ఇక్కడి సత్యసాయి ఆసుపత్రిలో 2001 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు గనుక సీమ నుంచి మనవాళ్లు ఎందరో వస్తుంటారు. ఇల్లు చేరాక ఈ భయం చాలామందికి ఉంటుంది.

మత్తుమందు వల్ల, గొంతులో వేసిన గొట్టం వల్ల ఊపిరితిత్తుల్లో కఫం నిలుస్తుంది. నొప్పికి జడిసి పైపైన ఊపిరి పీలిస్తే వాటి అడుగుభాగం ముడుచుకుపోతుంది. నిమోనియా మొదలయ్యేది అక్కడే. తబియత్ ఊపిరితిత్తుల నుంచి కీడును బయటికి నెట్టే కదలికే దగ్గు అని ఇబ్నె సీనా వెయ్యేళ్ల కిందటే గుర్తించాడు. కాబట్టి గసగసాల కాయతో చేసే మన దయాఖూజా అయినా సరే, అంగడి సిరప్ అయినా సరే, డాక్టరును అడక్కుండా తాగించకండి.

దగ్గించే పద్ధతి ఇది. నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు రోగిని కూర్చోబెట్టి కాస్త ముందుకు వంచండి. దిండును కుట్ల మీద ఆనించి రెండు చేతులతో గట్టిగా హత్తుకోమనండి. ముక్కుతో మూడు నాలుగు సార్లు నిండుగా ఊపిరి పీల్చి, రెండు మూడు సెకన్లు ఆపి, నోరు తెరిచి పొట్టలోంచి రెండుసార్లు దగ్గాలి. మరీ నొప్పిగా ఉంటే అద్దం మీద ఆవిరి ఊదినట్టు "హా" అని ఊదినా కఫం కదులుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి చేయించండి.

ఇక అక్యుప్రెషర్ సంగతి. అది చైనావారి విద్య. మన దల్క్, అంటే మర్దన, వేరు. గొంతు కింది గుంటలో వేలితో మెల్లగా నొక్కితే దగ్గు వస్తుంది, నిజమే. ఫిజియోథెరపీ వాళ్లూ కొందరు రోగులకు అలా చేస్తారు. కానీ బైపాస్ కోత ఆ గుంటకు కాస్త కిందే మొదలవుతుంది! అక్కడ మీరు వేలు పెట్టకండి. థైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్లకు అసలే వద్దు. బొటనవేలు, చూపుడువేలు మధ్య కండను రెండు నిమిషాలు నొక్కితే కొందరికి నొప్పి తగ్గినట్టుంటుంది. గర్భిణులకు మాత్రం నొక్కకూడదు. మణికట్టు లోపలివైపు, ముడతకు మూడు వేళ్ల పైన నొక్కితే ఆపరేషన్ తర్వాతి వికారం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. దగ్గు విషయంలో అంత బలమైన ఆధారం లేదు. నా మట్టుకు నేను దిండునే నమ్ముతాను.

జ్వరం, ఆయాసం, కఫంలో రక్తం, కుట్ల దగ్గర చీము, దగ్గినప్పుడు రొమ్ము ఎముక కటకటమనడం, వీటిలో ఏది కనిపించినా నా దగ్గరికి రావద్దు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే ఆ రోజే తీసుకెళ్లండి.