పచ్చికుండ అంటే ఇంకా పచ్చిదే

హోసూరులో చలి మొదలయ్యే కార్తీకంలో మా అమ్మాయి మేడమీద గదిలో కరెంటు సారె పెట్టించింది, చిన్న కొలిమి కూడా. తను ‘వీల్, కిల్న్’ అంటూంటే మా అవ్వ మాటలు గుర్తొచ్చినాయి. కుండ చేసేది సారె, కాల్చేది ఆవం. మన పక్కనున్న కన్నడం ‘ఆవిగె’ దీనికి చుట్టమే. తమిళం ‘సూళై’ వేరే మాట.

అన్నిటికన్నా పనికొచ్చే మాట పచ్చికుండ. ఎంత ఆరినా, కాల్చేదాకా అది పచ్చిదే. మేము ఆ సంగతి మరిచి, నాలుగు రోజులకే పైన ఆరినట్టుందని కాల్చేశాం. రెండు కుండలు పగిలిపోయినాయి. లోపలి తడి 100 డిగ్రీల దగ్గర ఆవిరై, బయటికి దోవ లేక మట్టిని చీల్చేస్తుంది.

ఈ కాలంలో గాలిలో తేమ ఎక్కువ, కుండలు శానా నిదానంగా ఆరతాయి. ఎండలో పెట్టి తొందరపెడితే అంచు ముందు ఆరి బీట వేస్తుంది. గుడ్డ కప్పి నీడన ఆరనియ్యాలి. తర్వాత చెంపకు ఆనించి చూడండి. చలికి అన్నీ చల్లగానే ఉంటాయి కాబట్టి, పక్కన కాల్చిన కుండ ఒకటి పెట్టుకోండి. దానికన్నా చల్లగా తగిలితే ఇంకా పచ్చే.

బళ్ళారి, బరంపురం, యానాం వాళ్ళు చెప్పండి, మీ ఇళ్ళల్లో ఆవాన్ని ఏమంటారు?