బోర్డు మీద లేని రికార్డులు

అట్లాంటిక్ సముద్రం నడుమ మదీరా అని ఒక దీవి ఉంది. పోర్చుగల్ వాళ్లది. విస్తీర్ణం 741 చదరపు కిలోమీటర్లే గానీ, దాని నడినెత్తిన ఉన్న పీకో రూయివో కొండ ఎత్తు 1,862 మీటర్లు. కాబో జిరావ్ అనే చోట 580 మీటర్ల నిట్టనిలువు చరియ అంచుకు గాజు పలక బిగించి, దాని మీద నిలబెట్టి కింద సముద్రాన్ని చూపిస్తారు. కొండల మీద పడ్డ వానను పొలాలకు దించుకోవడానికి రైతులు కట్టుకున్న సన్నటి కాలువలను అక్కడ ‘లెవాడాలు’ అంటారు. ఆ కాలువ గట్ల మీద నడవడానికి ఏ ఏ దేశాల నుంచో జనం విమానాలెక్కి వెళ్తారు. దారిలో అరటి తోటలు కనిపిస్తే ఆగి ఫొటోలు తీసుకుంటారు.

కాలువ గట్టు, అరటి తోట! ఈ మాట కోనసీమవాడి చెవిన పడితే ఏమంటాడో ఊహించుకోవచ్చు. “దానికి విమానమెందుకండీ బాబూ? రావులపాలెం బస్సెక్కితే సరిపోయేది కదండీ, ఆయ్!”

వెటకారమే అయినా మాటలో పస ఉంది. ఒకవైపు గౌతమి, ఒకవైపు వశిష్ఠ, మూడోవైపు బంగాళాఖాతం. చుట్టూ నీళ్లున్న కోనసీమ అచ్చంగా దీవే. కాకపోతే వంతెనల మీద బస్సులో వచ్చేస్తాం కాబట్టి దీవిలో దిగామన్న సంగతి ఎవరికీ తట్టదు. మదీరా అగ్నిపర్వతం కక్కిన రాయి. కోనసీమ నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచొచ్చిన నది దించుకున్న ఒండ్రు. ఇక్కడ గునపం వేస్తే మన్ను వస్తుంది, ఇంకా తవ్వితే ఇసక వస్తుంది, ఆ తర్వాత నీళ్లు. రాయి మాత్రం రాదు. ఇంటి పునాదికీ, రోడ్డుకీ, గుడికీ రాయి గోదారి దాటి రావాల్సిందే.

అందుకే ర్యాలి గుడిలో నిలబడితే ఆశ్చర్యం రెట్టింపవుతుంది. ఎదురుగా చూస్తే శంఖచక్రాలు పట్టిన కేశవస్వామి. వెనక్కి వెళ్లి చూస్తే జడ వేసుకున్న జగన్మోహిని. రెండూ ఒకే నల్లరాతిలో. రాయి పుట్టని గడ్డ మీద, ఉన్న ఒక్క రాతినీ రెండువైపులా వాడుకున్నారన్నమాట.

ఆసియా బోర్డుల కథ

మన గోదారి జిల్లాల్లో బోర్డులు రాసేవాళ్లకు ఆసియా ఖండమంటే వల్లమాలిన అభిమానం. ఏ వంతెన దగ్గర ఆగినా, ఏ అడవి ముందు దిగినా ‘ఆసియాలోనే’ అన్న మాట ఒకటి తగులుతుంది. వాటిని ఒకసారి కొలిచి చూద్దాం.

రాజమండ్రి దగ్గర గోదారి మీద 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన ఉంది. కింద రైలు దారి 2.8 కిలోమీటర్లు, పైన రోడ్డు 4.1 కిలోమీటర్లు. ఆసియాలో రెండోదనీ మూడోదనీ మనం చిన్నప్పుడు జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో బట్టీ పట్టాం. అప్పటికి అది నిజమే అయ్యుండొచ్చు. ఇప్పుడు బీహార్‌లో గంగ మీద దిఘా–సోన్‌పూర్ వంతెన 4.55 కిలోమీటర్లు, 2018లో బ్రహ్మపుత్ర మీద తెరిచిన బోగీబీల్ 4.94 కిలోమీటర్లు. కాబట్టి సొంత దేశంలోనే మనది వెనకబడింది. బోర్డు మార్చాలి.

అసలు విశేషం పొడవులో లేదు. ఒకే నది మీద, ఒకే ఊరి ముందు, నూట ఇరవై ఏళ్ల ఇంజనీరింగు చరిత్ర వరసగా నిలబడి ఉంది చూడండి, అదీ విశేషం. ముందు హేవలాక్ వంతెన: 1897 నవంబరులో పని మొదలు, 1900 ఆగస్టు 30న రైలు. మూడేళ్లు నిండకుండా 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు. అప్పట్లో సిమెంటు లారీలు లేవు. 97 ఏళ్లు మద్రాసు–హౌరా బళ్లను మోసి 1997లో రిటైరైంది. దాని బదులుగా వచ్చినది విల్లుల్లా వంగిన కాంక్రీటు ఆర్చి వంతెన. 28 విల్లులు, ఒక్కోటి దాదాపు 97 మీటర్లు. సాయంత్రం పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే ఆ విల్లుల వరస మీదుగా రైలు పోతుంది. ఈ బొమ్మ కోసమే రాజమండ్రి రావచ్చు. 2015లో కొవ్వూరు వైపు నాలుగో వంతెన కూడా తెరిచారు.

కోరంగి మడ అడవుల దగ్గరా ఇదే వరస. సుందర్బన్ల తర్వాత దేశంలో రెండోదని చెబుతారు. ఒడిశాలోని భితర్‌కనికా వాళ్లూ అదే మాట చెబుతారు. ఫారెస్టు సర్వే వాళ్ల 2021 లెక్క తీస్తే మడ అడవులు పశ్చిమ బెంగాల్‌లో 2,114 చదరపు కిలోమీటర్లు, గుజరాత్‌లో 1,175, మన రాష్ట్రం మొత్తమ్మీద 405. గుజరాత్‌ను మర్చిపోయి మనమూ ఒడిశా వాళ్లూ రెండో స్థానం కోసం పోట్లాడుకుంటున్నామన్నమాట. అయినా చెక్క వంతెన మీద నడుస్తూ, పోటు వేళ నీళ్లు వేళ్లలోకి ఎక్కడం, పాటు వేళ అవే నీళ్లు బురదను వదిలి దిగిపోవడం చూసినవాడికి ర్యాంకు గుర్తుండదు. చేపల్ని వేటాడి బతికే బావురుపిల్లి ఈ అడవిలోనే తిరుగుతుంది. 1978లో అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్లు.

కోరంగికి దక్కాల్సిన అసలు రికార్డు వేరే ఉంది. ప్రపంచమంతా వాడే ‘సైక్లోన్’ అన్న ఇంగ్లీషు మాట పుట్టుకతో ఈ ఊరికి చుట్టరికముంది. 1789 డిసెంబరులో వచ్చిన గాలివానకు మూడు ఉప్పెన అలలు కోరంగి మీద పడ్డాయి. కలకత్తాలో తుపానుల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ ఈ విపత్తును వర్ణిస్తూ, పాము చుట్టలా తిరిగే గాలికి గ్రీకు నుంచి ఆ పేరు కట్టాడు. కోరంగి ఓడలు కట్టిన రేవు, బర్మాకు జనాన్ని పంపిన రేవు. రంగూన్‌లో తెలుగువాళ్లందరికీ ‘కోరంగీలు’ అనే పేరు పడిపోయింది. 1839 నవంబరు 25న మరో ఉప్పెన వచ్చాక రేవు తేరుకోలేదు. అప్పుడు మూడు లక్షలమంది పోయారని పుస్తకాల్లో కనిపిస్తుంది గానీ, అంత జనం ఆ రేవులో ఉన్నారా అన్నది అనుమానమే. ఇప్పుడు కాకినాడకు అడ్డుగోడలా నిలిచిన హోప్ ఐలాండ్ కూడా గౌతమి మోసుకొచ్చిన ఇసకే. రెండొందల ఏళ్లకు మించని వయసు, పదహారు కిలోమీటర్ల పొడవు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి గుడ్లు పెట్టే చోటు. దీవి ఎలా పుడుతుందో తాతల కాలంలోనే కళ్లారా చూసిన జనం ప్రపంచంలో ఎంతమంది ఉంటారు?

నది మీద నది

పి.గన్నవరంలో ఒక చోట నిలబడితే కింద ఒక నీరు, పైన ఒక నీరు కనిపిస్తాయి. కిందిది వైనతేయ. పైన పోయేది కాలువ. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. 1830ల కరువుల్లో ఎండిపోయిన డెల్టాకు కాటన్ దొర కట్టించిన ఆనకట్ట. దాని నీళ్లు వైనతేయకు అవతల ఉన్న నగరం లంకకు ఎలా చేరాలి? నది దాటించాలి. హేగ్ అనే కుర్ర లెఫ్టినెంటు 49 కమానుల మీద కాలువను నది దాటించాడు. ఒక్కో కమాను 40 అడుగులు, మొత్తం 2,248 అడుగులు. దాదాపు నూట యాభై ఏళ్లు పనిచేసింది. 2000లో పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో అర్ధరాత్రి వచ్చినవాళ్లకు కూడా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. అటువైపు పొలాలకు నీళ్లు మోసే కట్టడానికి ఇంతకన్నా తగిన పేరు దొరకదు. మదీరా లెవాడాల మీద నడవాలని సరదాపడేవాళ్లు ముందు ఇక్కడికి రండి.

ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజి 1982 నాటిది. 175 గేట్లు, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, నడుమ లంకలు. 1986 ఆగస్టు 16న దీని మీదుగా 35.06 లక్షల క్యూసెక్కులు పోయాయి. క్యూసెక్కులు అర్థం కాకపోతే ఇలా అనుకోండి: సెకనుకు దాదాపు పది కోట్ల లీటర్లు. అమెజాన్ సగటు ప్రవాహంలో సగం. అదే గోదారిలో మే నెలలో ఇసక మేటలు తేలి, పిల్లలు క్రికెట్టు ఆడుకుంటారు. ప్రపంచంలో పెద్ద నదులు చాలా ఉన్నాయి. ఇంత కోపం, ఇంత ఓర్పు రెండూ ఒకే చోట ఉన్నవి తక్కువ.

కొండలు కావాలంటే

ఇంత చెప్పినా మదీరా యాత్రికుడు “కొండలేవీ?” అని అడుగుతాడు. ఉన్నాయి. రాజమండ్రి దగ్గర రెండున్నర కిలోమీటర్లకు పైగా వెడల్పున్న నది పాపికొండల మధ్య కొన్ని వందల మీటర్లకు కుదించుకుపోతుంది. పాపిట తీసినట్టు కొండల్ని చీల్చుకుని వస్తుంది కాబట్టి పాపిడి కొండలనేవారట. 2008లో నేషనల్ పార్కు చేశారు, వెయ్యి చదరపు కిలోమీటర్లకు కొంచెం పైన. పేరంటపల్లి శివాలయం, ఒడ్డున వెదురు గుడిసెలు. ఇంకా పైకెళ్తే మారేడుమిల్లి దారిలో జలతరంగిణి, అమృతధార జలపాతాలు, గుడిసె గడ్డికొండల మీద తెల్లవారి మబ్బులు, బొంగులో చికెన్. పట్టిసీమలో నది నడిమధ్య కొండ మీద వీరభద్రుడు ఒంటరిగా కూర్చుని ఉంటాడు.

ఇదే దారిలో ఒక గిన్నిస్ రికార్డు కూడా ఉంది. పోలవరం ప్రాజెక్టులో 2019 జనవరి 6 ఉదయం నుంచి 7 ఉదయం దాకా 24 గంటల్లో 32,315.5 ఘనపు మీటర్ల కాంక్రీటు పోశారు. అంతకుముందు రికార్డు దుబాయ్‌ది, 21,580. అదే ఏడాది సెప్టెంబరు 15న కచ్చులూరు మందం దగ్గర పాపికొండల బోటు వరద నీటిలో మునిగి యాభై మంది దాకా పోయారు. నది ఒడ్డున ఈ రెండు తేదీలూ పక్కపక్కనే గుర్తుంటాయి. దేవీపట్నం వైపు చాలా ఊళ్లు ప్రాజెక్టు కోసం ఖాళీ అయ్యాయి. వరదొస్తే గండిపోచమ్మ గుడి మునుగుతుంది. పాపికొండలను ఇప్పటి రూపంలో చూడాలనుకుంటే ఆలస్యం చేయకండి. లైఫ్ జాకెట్ తొడుక్కోమంటే సెల్ఫీ బాగా రాదని మాత్రం విప్పకండి.

చిన్నవి కొన్ని

అన్నిటికన్నా పలచనిది: ఆత్రేయపురం పూతరేకు. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి నీళ్లతో తీసే పొర. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

రాజధానికి అన్నిటికన్నా దూరం: యానాం. పట్టుమని 30 చదరపు కిలోమీటర్లు, 1954 దాకా ఫ్రెంచివాళ్లది. నాలుగడుగులు వేస్తే కోనసీమ గానీ, తన రాజధాని పుదుచ్చేరికి మాత్రం 800 కిలోమీటర్ల పైమాటే.

అన్నిటికన్నా ఎక్కువ ఎదురుచూపు: కోటిపల్లి–నరసాపురం రైలు. కాకినాడ–కోటిపల్లి పట్టాలు రెండో ప్రపంచ యుద్ధం కోసమని 1940లో పీకేశారు. మళ్లీ వేసేసరికి 2004 అయింది. అక్కణ్నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్ల దారి మంజూరైంది 2000–01 బడ్జెట్లో. దీని కోసం పట్టుబట్టిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. యానాం–ఎదుర్లంక వంతెనకు ఆయన పేరు పెట్టారు. రైలు కోసం నదిలో స్తంభాలు లేచాయి. అమలాపురం వాడు రైలెక్కాలంటే ఇంకా గోదారి దాటాల్సిందే.

కోటిపల్లి రేవులో పంటు ఉంది, ముక్తేశ్వరం వైపు తీసుకెళ్తుంది. సైకిలు, మోటారు సైకిలు, మేక, పెళ్లి బృందం అన్నీ ఒకే పంటు మీద ఎక్కుతాయి. ఆ స్తంభాలను నీళ్ల మీంచి చూడాలంటే ఇదే మంచి దారి. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీళ్లు పోటెత్తితే పంటు ఆపేస్తారు, కార్తీకంలో రండి.